ఫ్లెక్సీలో చెల్లెలు

ఐలేశ్ నాకంటే రెండేళ్లు చిన్న. అయినా పన్నెండేళ్లుగా రాఖీ పండగ వచ్చిందంటే చాలు, పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా స్తంభం స్తంభానికీ వేలాడే ఫ్లెక్సీల మీద నేను అతని చెల్లెల్ని. మొదటి ఏడాది ప్రింటింగ్ షాపువాడు ‘చెల్లెలు’ అని వేసేశాడు. అక్క అని దిద్దించమంటే ఐలేశ్ ఒప్పుకోలేదు. కాపాడింది అక్కనైతే జనానికి అంత ముచ్చటగా ఉండదట.

ఆ ఫ్లెక్సీలో బొమ్మ ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. తెల్ల ఖద్దరు చొక్కా వేసుకున్న ఐలేశ్, అతని చేతుల్లో కళ్లు మూసుకున్న నేను, వెనకాల పొగ. పైన ‘ఆంధ్ర ఆడపడుచు ప్రాణం నిలిపిన తెలంగాణ అన్న’ అని పెద్దపెద్ద అక్షరాలు. అంతా అబద్ధం. నన్ను అతను కాపాడనే లేదు. ఈ మాట ఇన్నాళ్లకి గొంతెత్తి హాయిగా చెప్పగలుగుతున్నాను కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

నా పేరు హైమవతి. మాది తణుకు. మా ఆయన పేరు వీరవెంకటసత్యనారాయణ. పేరు బారెడు, గొంతు బెత్తెడు. మాసబ్ ట్యాంక్ దగ్గర ఓ ప్రైవేటు ఆఫీసులో పని చేస్తారు. నేను మైత్రివనం వెనక సందులో ఆడపిల్లల హాస్టల్ నడుపుతాను. కోచింగులకొచ్చే పిల్లలు అరవై మంది. పప్పులో ఉప్పు ఎక్కువైందని ఒకత్తి, బాత్రూంలో నీళ్లు రావట్లేదని ఒకత్తి, పొద్దున లేస్తే నా చెవి ఖాళీగా ఉండదు.

ఆ బిల్డింగు ఐలేశ్ బావమరిదిది. కింద జిరాక్సు షాపులు, మొదటి అంతస్తులో ఐలేశ్ ఆఫీసు, ఆ పైన రెండంతస్తులూ మా హాస్టల్. ఆఫీసని పేరేగానీ అక్కడ జరిగేది పేకాట. అప్పటికతను ఈ డివిజన్‌లో ఓ చిన్న లీడరు. ఆట కూర్చున్నప్పుడు ఎవరూ పైకి రాకుండా మెట్ల దగ్గర గ్రిల్లుకి తన సొంత తాళం వేసుకునేవాడు. తాళంచెవి అతని చొక్కా జేబులోనే ఉండేది. వాచ్‌మన్ ఓదెలుకి కూడా ఇచ్చేవాడు కాదు. ఈ గొడవంతా ఆ తాళంచెవి గురించే.

రెండువేల పదమూడు, జూలై నెల. ఆ రోజు నేను ఎర్రగడ్డ రైతుబజారు నుంచి కూరగాయలు తెచ్చుకుని పన్నెండింటికి వచ్చాను. గ్రిల్లుకి తాళం. పిలవగా పిలవగా ఐలేశ్ దిగొచ్చాడు, ఎడం చేతిలో పేకముక్కలు, నోటి నుంచి గుప్పున మందు వాసన. “జర మావోళ్లు కూసున్నరక్కా, ఎవ్వల్ని రానియ్యకు” అన్నాడు. అప్పుడు నేను అక్కనే, చూశారా. నేను లోపలికి రాగానే మళ్లీ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పట్టపగలు ఇదేం ఖర్మరా బాబూ అని తిట్టుకుంటూ పైకెళ్లిపోయాను.

రెండింటికి కింద మీటర్ల దగ్గర ఫటఫటమని పేలుళ్లు. చూస్తూ ఉండగానే మెట్లన్నీ పొగ. పిల్లలంతా క్లాసులకెళ్లారు కాబట్టి బతికిపోయాం. పైన ఉన్నది నేనూ, జ్వరంతో పడుకున్న దివ్యశ్రీ అనే అమ్మాయీ. ఆ పిల్ల భయంతో డాబా ఎక్కి పక్కింటి డాబా మీదకి దూకి కాలు విరగ్గొట్టుకుంది. నేను మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయాను. ఐలేశూ, అతని పేకాట మిత్రులూ అప్పటికే మొదటి అంతస్తు సన్‌షేడ్ మీంచి జిరాక్సు షాపు రేకుల మీదకి దూకి పారిపోయారు. గ్రిల్లుకి తాళం అలాగే ఉంది. తాళంచెవి అతని జేబులో అలాగే ఉంది.

ఓదెలు బయట నుంచి ఆ తాళాన్ని బండరాయితో కొట్టి కొట్టి పగలగొట్టాడు. కాలిపోతున్న గ్రిల్లుని ఉత్తి చేతులతో లాగాడు. పైకొచ్చి నన్ను భుజాన వేసుకుని కిందికి మోసుకొచ్చి, గేటు దగ్గర పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోశాడు. నేను కళ్లు తెరిచి అతని మొహం చూశాను. మొహమంతా మసి, తెల్లగా కనపడేవి కళ్లు ఒక్కటే.

ఇంతలో పేపరు వాళ్లు వచ్చారు. వాళ్ల వెనకాలే ఎక్కడి నుంచో ఐలేశ్ ఊడిపడ్డాడు. “జరుగు, జరుగు” అని ఓదెలుని నెట్టేసి, నన్ను రెండు చేతులా ఎత్తుకుని పదడుగులు నడిచాడు. ఆ పదడుగులే ఫొటోలో పడ్డాయి. ఎప్పుడైనా ఆ ఫొటో సరిగ్గా చూడండి. నా చీర బొగ్గులా ఉంటుంది, అతని చొక్కా అప్పుడే ఇస్త్రీ బండి మీంచి తీసినట్టుంటుంది. అంత పొగలోంచి వచ్చినవాడి చొక్కాకి చిన్న మరకైనా లేదేంటని పన్నెండేళ్లలో ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

దివ్యశ్రీ కాలు విరిగింది కాబట్టి కేసైంది. గ్రిల్లుకి తాళం వేసిందెవరని ప్రశ్న వచ్చింది. ఐలేశ్ చటుక్కున ఓదెలు పేరు చెప్పాడు. వాచ్‌మన్ తాళం వేసి కల్లు తాగడానికి పోయాడన్నాడు. ఆసుపత్రిలో పోలీసులు నన్ను అడగడానికి వచ్చినప్పుడు మంచం పక్కనే నిలబడి, “పొగ వట్టి ఆమెకు గొంతు వస్తలేదు సార్, నేను చెప్తా” అని అంతా తనే చెప్పాడు. “అంతేనామ్మా?” అని వాళ్లు నన్నడిగారు. నేను తల ఊపాను.

ఎందుకు ఊపావంటే ఏం చెప్పను? రాష్ట్రం విడిపోతుందా లేదా అని ఊరంతా అట్టుడుకుతున్న రోజులు. మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అయినా నా భయం నాది. బిల్డింగు ఐలేశ్ వాళ్లది. పదకొండు నెలలకోసారి రాసుకునే అగ్రిమెంటు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చేసింది, దండలు వచ్చేశాయి. ఆ ఏడాది రాఖీకి వచ్చి కట్టమన్నారు, కట్టాను. మా వైపు రాఖీ అంత పెద్ద పండగేం కాదు. మా సొంత తమ్ముడికే నేనెప్పుడూ కట్టలేదు. నా చేత్తో కట్టిన మొదటి రాఖీ ఈ దొంగ వెధవకి.

ఆ తర్వాత ఏటా అదే తంతు. పంజాగుట్టలో ఫంక్షన్ హాలు, స్టేజీ, మైకు. ఏటికేడాది కథ పెరిగేది. మొదట్లో మెట్లెక్కి వచ్చానన్నాడు. మూడో ఏడుకి మంటల్లో దూకాడు. ఆరో ఏడుకి ఒక చేత్తో నన్ను, రెండో చేత్తో గ్యాస్ సిలిండరుని దింపాడు. నేను పక్కన కూర్చుని నవ్వాలి. చివర్లో అతను మైకులో “ఏం గావాలె చెల్లె, అడుగు” అనాలి, నేను “నువ్వు చల్లగా ఉంటే చాలన్నయ్యా” అనాలి. జనం చప్పట్లు కొట్టాలి. అతను చిన్న లీడరు నుంచి పెద్ద లీడరయ్యాడు. ఓదెలుకి మాత్రం మళ్లీ ఎవరూ వాచ్‌మన్ పని ఇవ్వలేదు. తాళం వేసి పారిపోయినవాడికి ఎవరిస్తారు? ఎర్రగడ్డ రైతుబజారులో కూరగాయల మూటలు మోస్తున్నాడు. నేను వారానికి మూడుసార్లు అక్కడికే వెళ్తాను. అతను ఉల్లిగడ్డల వైపుంటే నేను ఆకుకూరల వైపు తిరిగిపోయేదాన్ని.

ఓదెలు మీద పెట్టిన కేసు మాత్రం చావలేదు. వాయిదాల మీద వాయిదాలు పడుతూ పడుతూ ఈ ఆగస్టుకి నా వంతు వచ్చింది. సాక్ష్యం చెప్పడానికి నాంపల్లి కోర్టుకి రమ్మని కాగితం పట్టుకుని పోలీసు వచ్చాడు. శనివారం రాఖీ, మంగళవారం కోర్టు.

కాగితం వచ్చిన సాయంత్రమే ఐలేశ్ మిఠాయి డబ్బాతో హాస్టల్‌కి వచ్చాడు. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

“పరేషాన్ గాకు చెల్లె. కోర్టుల రెండు ముక్కలు చెప్తే సాలు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుండె, ఐలేశన్న వచ్చి కాపాడిండు. గంతే.”

“మళ్లీ నేనెందుకండీ? అప్పుడే అంతా రాసుకున్నారుగా” అన్నాను.

“నాకీసారి ఎమ్మెల్యే టికెట్ వస్తది. గా కేసు సాఫ్ అయిపోవాలె. వాడు లోపలికి పోతే ముచ్చట ఖతం.” మిఠాయి డబ్బా మూత తీసి నా ముందుకి జరిపాడు. “మీ అగ్రిమెంటు సుత వచ్చే నెల్నే అయిపోతది గద? బావతోని నేను మాట్లాడ్త, ఫికర్ చెయ్యకు.”

ఫికర్ చెయ్యకు అన్నప్పుడే ఫికర్ మొదలైంది. అతను వెళ్లాక ఆ డబ్బా ముట్టుకోబుద్ధి కాలేదు. పిల్లలు వచ్చి ఖాళీ చేశారు.

మర్నాడు పొద్దున ఓదెలు భార్య భూలక్ష్మి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, కూర్చోమంటే కూర్చోలేదు.

“నేను బతిమాలనీకి రాలేదమ్మా. నీకు ఎర్కున్నది చెప్పు. ఎర్కలేంది చెప్పకు. గంతే అడుగుతున్న.”

నేను కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను.

“శిక్ష వడితే రెండేండ్లు జైలంట. గాయినకు బీపీ ఉన్నది, రెక్కలు పోయినయి. లోపల బతకడు. అందరూ తాళమేసి పారిపోయిండు అంటరు. గాయిన పారిపోతే నిన్నెవలు దింపిండ్రమ్మా? నీ పానం నీకు ఎర్కలేదా?”

అంత మాటా గట్టిగా అనలేదు, మామూలుగానే అంది. అనేసి వెళ్లిపోయింది. నేను వంటింట్లోకి వెళ్లి కుక్కరు ముందు నిలబడి భోరున ఏడ్చాను. ఆ రోజు అన్నం ముద్దయిపోయిందని పిల్లలు సణిగారు.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. “శనివారం స్టేజీ మీదే నిజం చెప్పేస్తానండీ.”

“పిచ్చా నీకు? హాస్టల్ ఖాళీ చేయిస్తారు. ఈ వయసులో అరవై మంది పిల్లల్ని ఎక్కడ పెడతాం?” అన్నారు, గొంతు ఇంకా బెత్తెడు చేసుకుని.

“ఓదెలు జైలుకెళ్తాడండీ.”

“కోర్టు చూసుకుంటుందిలే.”

“కోర్టు ఏం చూసుకుంటుంది? చూసింది నేను!” అని అరిచాను. ఆయన కండువా దులుపుకుని బయటికెళ్లిపోయారు.

శనివారం వచ్చింది. ఫంక్షన్ హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో మా ఆయన ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ఏటా వీడియో తీసి తణుకు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆయన పని. నేను చెప్పాల్సిన మాటలు మూడు రోజులుగా బాత్రూంలో, వంటింట్లో బట్టీ పట్టాను. ‘ఇతను నన్ను కాపాడలేదు, కాపాడింది ఓదెలు.’ ఎంతని? రెండు ముక్కలు.

హారతిచ్చాను, బొట్టు పెట్టాను, రాఖీ కట్టాను. ముడి పడలేదు, అతనే పట్టుకున్నాడు. ఎదురుగా రెండు మూడు వందల మంది. పక్కన పార్టీ పెద్దలు. కెమెరాలు. ఐలేశ్ మైకు అందుకున్నాడు.

“నా చెల్లెకు గీ అన్న ఏమియ్యమన్నా ఇస్తడు. ఏం గావాలె చెల్లె, అడుగు!”

మైకు నా నోటి దగ్గర పెట్టాడు. అంతే, బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. ఆ క్షణంలో నాకు కనపడింది ఆ గ్రిల్లు ఒక్కటే.

“అన్నయ్యా, ఆ రోజు గ్రిల్లుకి తాళం వేసుంది కదా…” అన్నాను. ఇక మాట రాలేదు. చివరికి, “మీరు లోపలికి ఎలా వచ్చారు?” అని ముగించాను.

ఆ ప్రశ్న నేను ఎంతో తెలివిగా వేశానని ఇప్పుడందరూ మెచ్చుకుంటున్నారు. తెలివీ లేదు, పాడూ లేదు. భయంతో సగం మాట మింగేస్తే మిగిలిన ముక్క అది.

ఐలేశ్ మొహం వెలిగిపోయింది. పన్నెండేళ్లుగా అదే కథ చెప్పి చెప్పి అతనికే విసుగొచ్చినట్టుంది, కొత్త ముక్క దొరికింది.

“అరె, మంచి సవాల్ అడిగినవ్ చెల్లె! అందరు ఇనుర్రి! గా తాళం ఎవలిది? నాదే! తాళంచెవి ఎప్పటికి గీ జేబుల్నే ఉంటుండె. ఒక్కనికిచ్చెటోన్ని గాదు!” చొక్కా జేబు మీద చరుచుకున్నాడు. “మంటలు జూసిన. అందరు ఉరుకుతున్నరు. నేను జేబుల్నుంచి తాళంచెవి తీసిన, గ్రిల్లు తెరిసిన, సీదా పైకి పోయిన!”

హాలు దద్దరిల్లిపోయింది. ఈలలు, ‘అన్న జిందాబాద్’లు. అతను నా తల మీద చెయ్యి పెట్టి కెమెరాల వైపు తిరిగాడు. తానేం అన్నాడో అతనికి అర్థం కాలేదు. స్టేజీకి చెప్పే అబద్ధం ఒకటి, కోర్టుకి చెప్పే అబద్ధం ఒకటి, ఆ రెండూ అంతవరకూ ఒకదానికొకటి ఎదురుపడలేదు. నాకు మాత్రం ఠక్కున అర్థమైంది. ముందు వరసలో మా ఆయన ఫోన్ దించి నా మొహం చూశారు. ఆయనకీ ఏదో తట్టింది.

బయటికి రాగానే, “అది తుడిచెయ్యకండి” అన్నాను.

“తుడిచెయ్యడమేంటే?” అన్నారు. పంజాగుట్ట నుంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చేలోపల ఆ వీడియో నాలుగుసార్లు చూశారు. నాలుగోసారి ఓ షాపు మెట్ల మీద కూలబడి, “వాడి నోటితోనే చెప్పాడు హైమా. తాళంచెవి తన దగ్గరే ఉందని వాడే చెప్పాడు” అన్నారు. ఆ పక్కనే స్తంభానికి నా ఫ్లెక్సీ ఉంది. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, “ఆ ఓదెలు తరఫు లాయరు ఎవరో కనుక్కో. దీన్ని నేనే పంపిస్తాను” అన్నారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు. ఎంత సంబరమేసిందో చెప్పలేను.

ఓదెలు తరఫు లాయరు పేరు ఉదయలక్ష్మి. లాయరుని పెట్టుకోలేనివాళ్లకి ప్రభుత్వమే ఇచ్చే లాయరమ్మ. భూలక్ష్మిని అడిగి నంబరు పట్టుకున్నాం. ఆవిడ ఆ వీడియో రెండుసార్లు వేసి చూసింది. తర్వాత, “కోర్టులో ముందు మీరు నిజం చెప్పండమ్మా. ఇది నేను చూసుకుంటాను” అంది.

మంగళవారం మెట్రోలో నాంపల్లి వెళ్లాం. కోర్టు వరండాలో ఓదెలు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. ఐలేశ్ మనిషి ఒకడు నా వెనకాలే తిరుగుతూ, “అన్న అంతా జూసుకుంటడమ్మా” అని రెండుసార్లు అన్నాడు.

బోనెక్కాను. ప్రమాణం చేశాను. ప్రభుత్వ లాయరు అలవాటుగా అడిగాడు. “ఆ రోజు మిమ్మల్ని కాపాడింది ఎవరు?”

“ఓదెలు గారండీ.”

ఆ బిల్డింగులో ఉన్నన్నాళ్లూ ‘ఒరేయ్ ఓదెలూ, పాలపాకెట్లు తేరా’ అన్నదాన్ని. గారు అనడం అదే మొదటిసారి. లాయరు కాగితంలోంచి తలెత్తాడు.

“గ్రిల్లుకి తాళం వేసిందెవరు?”

“ఐలేశ్. నా ఎదురుగా వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అది ఐలేశ్ సొంత తాళం, ఓదెలు గారి దగ్గర దాని తాళంచెవి ఎప్పుడూ లేదండీ.”

మీరు ఇదివరకు ఇలా చెప్పలేదే అన్నాడు. ఇదివరకు నేనసలు నోరే విప్పలేదన్నాను. నిజం చెప్పినందుకు నన్ను ఎదురుతిరిగిన సాక్షి అని రాసుకున్నారు. రాసుకోండి, మహారాజులా రాసుకోండి అనుకున్నాను. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని మేజిస్ట్రేటు గారే అడిగారు.

“మొదట భయమండీ. తర్వాత సిగ్గండీ” అన్నాను. “ఒక్క మాట మాత్రం అడుగుతానండీ. తాళం పగిలిపోయి దొరికిందని మీ కాగితాల్లోనే ఉందట కదా. తాళంచెవి ఉన్నవాడు బండరాయి పెట్టి తాళం పగలగొట్టుకుంటాడా?”

మేజిస్ట్రేటు గారు కాగితాలు వెనక్కి తిప్పారు. ఓ చోట ఆగి, వేలు పెట్టి చదివారు. ఆ తర్వాత ఉదయలక్ష్మి లేచి వీడియో సంగతి చెప్పింది. దాన్ని పద్ధతి ప్రకారం దాఖలు చేసింది. మరుసటి వాయిదాకి ఐలేశ్‌నే సాక్షిగా పిలిపించి, ఆ గొంతు తనదేనా అని అడిగింది. రెండు మూడు వందల మంది ముందు చెప్పిన మాట కాదనడానికి లేదు. “ఏదో జోష్‌ల అన్న మేడమ్” అన్నాడట.

ఆ వాయిదా అయిన సాయంత్రమే ఫోన్ చేశాడు. “ఎంత పని జేస్తివి చెల్లె! ఇజ్జత్ తీస్తివి. నా టికెట్ పాయె.”

“నేను నీకంటే రెండేళ్లు పెద్దదాన్ని. అక్కా అని పిలువు” అని పెట్టేశాను. పెట్టేశాక పక్కన కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో వాళ్లకే తెలీదు, నా మొహం చూసి కొట్టి ఉంటారు.

అగ్రిమెంటు మళ్లీ రాసేది లేదన్నారు, ఖాళీ చేయమన్నారు. చేశాను. ఎర్రగడ్డ మెట్రోకి దగ్గర్లో ఇంకో బిల్డింగు దొరికింది. పిల్లలు పరుపులు, బకెట్లు, పుస్తకాల మూటలు వాళ్లే ఆటోల్లోకి ఎక్కించుకున్నారు. అరవైలో యాభై నాలుగు మంది నాతో వచ్చారు. కొత్త ఇంట్లో మొదటి రోజు పగలు అన్నం తిని మంచం మీద ఒరిగాను, సాయంత్రం దాకా ఒళ్లు తెలీలేదు. మధ్యాహ్నం నిద్రపోవడం అంటే ఏంటో నేను మర్చిపోయాను మరి. మా ఆయన నేను పోయాననుకుని లేపారు.

తీర్పు రోజున మళ్లీ కోర్టుకెళ్లాను. నన్నెవరూ రమ్మనలేదు, నేనే వెళ్లాను. నిమిషంలో అయిపోయింది. ఓదెలు మీద కేసు కొట్టేశారు. పన్నెండేళ్లు సాగింది నిమిషంలో పోయింది. ఓదెలుకి అర్థం కాక ఇంకా చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. ఉదయలక్ష్మి వచ్చి, “అయిపోయిందన్నా, ఇంటికి పో” అంటే అప్పుడు కదిలాడు. భూలక్ష్మి వరండాలోనే కూలబడి కొంగులో మొహం పెట్టుకుంది.

నాకు గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది. ఎగిరి గంతేయాలనిపించింది. చేతిలో పూలదండ ఒకటి పట్టుకెళ్లాను, వేద్దామని. దాంతో అతని ముందుకెళ్లి నిలబడ్డాను.

“ఓదెలు గారూ…” అన్నాను.

అతను దండ వైపు చూడలేదు. నా మొహంలోకి చూశాడు. ఆ రోజు గేటు దగ్గర చూశాక మళ్లీ అతను నన్నలా సూటిగా చూడడం ఇప్పుడే.

“గిప్పుడొచ్చినవా అమ్మా?” అన్నాడు. “నీ నోట్ల నీళ్లు వోసింది నేను గాదా? కండ్లు తెరిసి నా మొఖం జూడలేదా నువ్వు? పన్నెండేండ్లు ఏడ వోయినవ్? నా బిడ్డ సుష్మిత ఇంటర్ల మంచి మార్కులు తెచ్చుకున్నది. ఫీజు గట్టలేక బంద్ వెట్టిచ్చిన. గల్లీల పోరలు దొంగోని బిడ్డ అని పిలిస్తే ఇంట్ల కూసొని ఏడ్సింది. నువ్వేమో ఏటా దండలేసుకుని ఫొటో దిగుతివి. రైతుబజార్ల నన్ను జూసి పక్కకు మర్లుతివి. నేను జూడలేదనుకున్నవా? అన్ని జూసిన!”

అరుస్తున్నాడు. వరండాలో జనం ఆగి చూస్తున్నారు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. భూలక్ష్మి లేచి వచ్చి, “ఊకో, ఇగ ఊకో. ఆమెనే గద ఇప్పుడు చెప్పింది” అని భర్తని పట్టుకుంది.

“ఉండు భూలక్ష్మీ” అన్నాను. కళ్లలోంచి ధారగా నీళ్లు. అయినా లోపల ఎంత తేలిగ్గా ఉందో ఎలా చెప్పను! పన్నెండేళ్లుగా అందరూ నన్ను అదృష్టవంతురాలివి అన్నారు, చెల్లె అన్నారు, దీవించారు. చేసింది తప్పని మొహం మీద ఒక్కరూ అనలేదు. ఈ మాటల కోసమే ఇన్నాళ్లూ భయపడ్డాను. తీరా పడ్డాక, భయపడ్డది ఎందుకో తెలీలేదు.

“అనండి ఓదెలు గారూ” అన్నాను. “ఇంకా అనండి. నేనెక్కడికీ పోను.”

అతను ఊపిరి తీసుకుని, మొహం తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టాడు.